పాత శస్త్రచికిత్స పరికరాల అచ్చుబొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ మాట్లాడేది ఏ బొమ్మల గురించి?

యూరప్‌లో అచ్చు యంత్రం వచ్చాక, సుమారుగా 1500 నుంచి 1800 దాకా, శస్త్రవైద్య గ్రంథాల్లో వేసిన బొమ్మల గురించి. తప్పిన కీలును లాగి సరిచేసే బల్లలు, బిగుసుకుపోయిన మోకాలిని మరలు తిప్పి చాచే ఇనుప చట్రాలు, పుర్రెను తొలిచే బర్మాలు, ఎముక కోసే రంపాలు, వాతలు పెట్టే కమ్మీలు, ఇనుప చేతులు, కర్రకాళ్లు వీటిలో ఉంటాయి. ఫొటో అన్నది లేని రోజులవి. చెక్కదిమ్మె మీదనో రాగిరేకు మీదనో గీత గీతగా బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవారు.

ఇంటర్నెట్‌లో "ఒళ్లు గగుర్పొడిచే పాత వైద్యం" అంటూ తిరిగే బొమ్మల్లో చాలా వరకు ఇవే. భయపెట్టడానికి వాటిని వాడుకుంటుంటే నాకు బాధేస్తుంది. నిదానంగా చూడండి. ఒక మనిషి మళ్లీ నడవాలని, మళ్లీ చేత్తో గ్లాసు పట్టుకోవాలని ఎంతమంది తలలు బద్దలు కొట్టుకున్నారో అందులో కనిపిస్తుంది.

ఇవి ఎవరి కోసం గీశారు? డాక్టర్ల కోసమేనా?

డాక్టర్ల కోసం కొంత. కమ్మరి కోసం చాలా. నా దృష్టిలో ఈ బొమ్మలు అర్థం కావాలంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

ఆ కాలంలో ఆపరేషన్ పరికరాలు దుకాణంలో కొని తెచ్చుకునేవి కావు. శస్త్రవైద్యుడు కత్తులు చేసేవాడి దగ్గరికో, తాళాలు చేసేవాడి దగ్గరికో, కవచాలు చేసేవాడి దగ్గరికో వెళ్లి, ఇలాంటిది కావాలని చెప్పి చేయించుకోవాలి. నోటితో చెబితే కొలత తప్పుతుంది, వంపు తప్పుతుంది. బొమ్మ ఉంటే ఆ బాధ లేదు. అందుకే చాలా బొమ్మల్లో పరికరాన్ని ఒకసారి పూర్తిగా, ఇంకోసారి ముక్కలు ముక్కలుగా విడదీసి చూపిస్తారు. ప్రతి ముక్కకూ ఒక అక్షరం గుర్తు ఉంటుంది. మన వడ్రంగి తలుపు చేసే ముందు అట్టముక్క మీద పెన్సిల్‌తో గీసుకునే గీతలకు ఇవి దగ్గరి చుట్టాలు.

జర్మనీలోని ఉల్మ్ నగర వైద్యుడు యోహానెస్ స్కుల్టేటస్ పుస్తకం దీనికి మంచి ఉదాహరణ. ఆయన 1645లో చనిపోయాడు. పదేళ్లకు, 1655లో, ఆయన అన్నదమ్ముల కొడుకు ఆ పుస్తకాన్ని 43 బొమ్మల పలకలతో అచ్చు వేయించాడు. లాటిన్‌లో దాని పేరుకు "శస్త్రవైద్యుల ఆయుధశాల" అని అర్థం. ఆయుధానికీ వైద్యుడి కత్తికీ మనం కూడా "శస్త్రం" అనే ఒక్క మాటే వాడతాం కాబట్టి, ఆ పేరు మనకు వింతగా అనిపించదు.

గేర్లు, స్ప్రింగులు ఉన్న ఆ ఇనుప చెయ్యి బొమ్మ ఎవరిది?

ఆంబ్రోయిజ్ పారే పుస్తకంలోది. పారే (సుమారు 1510–1590) ఫ్రాన్స్‌లో బార్బర్ సర్జన్‌గా, అంటే గడ్డాలు గీసే వృత్తితో కలిసి ఉన్న శస్త్రవైద్యంలో, పని నేర్చుకున్నాడు. యుద్ధాల్లో సైన్యం వెంట తిరిగాడు. తర్వాత రాజుల శస్త్రవైద్యుడయ్యాడు. లాటిన్ రాదు కాబట్టి అంతా ఫ్రెంచిలోనే రాశాడు. దానికి ప్యారిస్ వైద్య పండితులు అభ్యంతరం కూడా చెప్పారు.

తుపాకీ గాయాల్లో మరిగే నూనె పోయడం అప్పటి పద్ధతి. 1537 ప్రాంతంలో టూరిన్ దగ్గర యుద్ధంలో నూనె అయిపోయింది. పారే గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి గాయాలకు పట్టించాడు. ఏమవుతుందోనన్న టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదని తనే రాసుకున్నాడు. తెల్లారి చూస్తే నూనె పోసినవాళ్లు జ్వరంతో, నొప్పితో ఉన్నారు, ఈ మందు పెట్టినవాళ్లు కుదుటపడి ఉన్నారు. కాలో చెయ్యో తీసేశాక రక్తం ఆపడానికి వాత పెట్టే బదులు రక్తనాళాన్ని దారంతో కట్టే పద్ధతికి మళ్లీ ప్రాణం పోసింది కూడా ఆయనే.

ఇనుప చెయ్యి బొమ్మ 1564లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. ప్రతి వేలికీ లోపల ఒక పళ్ల చక్రం, దాన్ని జారకుండా పట్టి ఉంచే చిన్న గడియ, వేలిని వెనక్కి తెచ్చే స్ప్రింగు. రెండో చేత్తో వేళ్లు మడిస్తే అక్కడే బిగిసి ఉంటాయి, మీట నొక్కితే విడిపోతాయి. ఇది తాళం పనిచేసే తీరే. అలా ఉండటానికి కారణం ఉంది: ఈ చేతులు, కాళ్లు చేసింది ప్యారిస్‌లో ఉండే ఒక తాళాల పనివాడు. అతన్ని "చిన్న లోరేన్‌వాడు" అని పిలిచేవారని, ఈ బొమ్మలు అతని దగ్గర నుంచే తెచ్చుకున్నానని పారే దాచకుండా చెప్పాడు. నాకు పారే మీద గౌరవం పెరిగింది ఈ ఒక్క మాటతో. మన కాలంలో జైపూర్ ఫుట్ కూడా డాక్టర్ పి.కె. సేథీ, శిల్పకారుడు రామచంద్ర శర్మ కలిస్తేనే పుట్టింది.

పారేకి ముందు ఇనుప చేతులు లేవా?

ఉన్నాయి. జర్మన్ యోధుడు గోట్జ్ ఫాన్ బెర్లిషింగెన్ 1504లో లాండ్స్‌హూట్ ముట్టడిలో కుడి చెయ్యి పోగొట్టుకుని ఇనుప చెయ్యి పెట్టించుకున్నాడు. అది యాగ్స్‌ట్‌హౌజెన్ కోటలో ఇప్పటికీ ఉంది. దాని లోపలి భాగాలన్నీ విడదీసి చెక్కిన బొమ్మలు మాత్రం చాలా ఆలస్యంగా, 1815లో అచ్చయ్యాయి.

ఇలాంటి చేతులూ కాళ్లూ పేదవాళ్లకు అందేవా?

ఇనుప చెయ్యి అందేది కాదు. పారే పుస్తకంలో రెండు రకాల కాళ్ల బొమ్మలు ఉంటాయి. ఒకటి కవచంలాంటి తొడుగుతో, మోకాలి దగ్గర గడియతో, పాదంతో సహా చేసిన కాలు. దానికి డబ్బు కావాలి. రెండోది "పేదల కోసం కర్రకాలు" అని పేరు పెట్టి మరీ చూపించింది. మోకాలిని మడిచి ఒక మెత్తపెట్టిన చట్రంలో ఆనించి, పట్టీలతో బిగిస్తారు, కింద కర్ర ఉంటుంది. పుస్తకం రాజుగారి శస్త్రవైద్యుడిది. అయినా కర్రకాలికీ విడిగా బొమ్మ చెక్కించాడు, ఏ ఊరి వడ్రంగైనా చూసి చేయగలిగేలా.

1696లో ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యుడు పీటర్ వెర్‌డైన్ ఇంకో అడుగు వేశాడు. మోకాలి కింద తీసేసిన కాలికి, తొడకు తోలు పట్టీ కట్టి, పక్కన బందులు పెట్టి, మోకాలు మామూలుగా మడతపడేలా చేశాడు.

ఇనుప కవచం తొడుక్కున్న మనిషి బొమ్మ చూశాను. నిజంగా అదంతా రోగికి తొడిగేవారా?

లేదు. ఈ అపోహ చాలామందికి ఉంది. అది ఇటలీలోని పాడువా ప్రొఫెసర్ ఫాబ్రిసియస్ పేరుతో ప్రసిద్ధమైన "ఓప్లోమోక్లియాన్". తల నుంచి పాదం దాకా ఉన్న పరికరాలన్నింటినీ ఒకే మనిషి బొమ్మ మీద అమర్చి చూపించారు. మెడకు ఒకటి, మోచేతికి ఒకటి, మోకాలికి ఒకటి, ఇలా ఎవరికి ఏది కావాలో అదే చేయించుకోవాలి. బట్టల షాపులో బొమ్మకు చీర కట్టి, నగలు పెట్టి, హ్యాండ్‌బ్యాగ్ తగిలించి నిలబెడతారు కదా, అలాంటిదే.

మరలు తిప్పి కాలు చాచే పరికరాలు పనిచేసేవా?

కొన్ని పనిచేసి ఉంటాయి. జర్మన్ శస్త్రవైద్యుడు హాన్స్ ఫాన్ గెర్స్‌డోర్ఫ్ 1517లో స్ట్రాస్‌బర్గ్‌లో వేయించిన యుద్ధ గాయాల పుస్తకంలో ఇవి కనిపిస్తాయి. కవచంలో కాలి భాగం, చేతి భాగం ఎలా ఉంటాయో ఇవీ అలాగే ఉంటాయి, కీలు వెనక పొడుగాటి మర ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ బిగుసుకుపోయిన కీలును సడలించాలి. ఒక్కసారిగా లాగడం కంటే నెమ్మదిగా, వారాల తరబడి ఒత్తిడి పెట్టడం మేలు అన్న ఆలోచన చాలా గట్టిది. ఇప్పుడు ఎముక సరిచేయడానికి కాలి చుట్టూ బిగించే ఇలిజరోవ్ రింగులు వేయించుకున్నవాళ్లు రోజూ నట్లు తిప్పుకోవడం చూసి ఉంటే, ఆ ఆలోచన ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది.

అదే పుస్తకంలో లోపలికి నొక్కుకుపోయిన పుర్రె ఎముకను పైకి లేపే మూడు కాళ్ల పరికరం ఉంది. మధ్యలో మర, చివర కొక్కెం. ఆ పని లెక్క అర్థమవుతుంది. కానీ చేతులు కడుక్కోవాలన్న జ్ఞానం కూడా లేని కాలంలో తెరిచిన పుర్రె చీము పట్టకుండా ఉండాలంటే అదృష్టం కావాలి. యంత్రం మంచిదే అయినా మనిషి బతకకపోవడం అప్పట్లో మామూలు.

గ్రీకు వైద్యుల బల్లలు, నిచ్చెనల బొమ్మలు అంత పాతవేనా?

ఆలోచన పాతది, బొమ్మ అంత పాతది కాదు. కీళ్లు సరిచేసే బల్ల గురించి హిపోక్రటీస్ పేరుతో ఉన్న గ్రీకు గ్రంథాల్లో ఉంది. సుమారు పదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో తయారైన ఒక రాతప్రతిలో రంగుల బొమ్మలు ఉన్నాయి, ఇప్పుడది ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ గ్రంథాలయంలో ఉంది. ఇటలీ వైద్యుడు గ్విడో గ్విడి ఆ గ్రంథాలను లాటిన్‌లోకి మార్చి, 1544లో ప్యారిస్‌లో గొప్ప చెక్కదిమ్మె బొమ్మలతో అచ్చు వేయించాడు. మనం నెట్‌లో చూసేవి ఎక్కువగా ఈ 1544 నాటివి, లేదా వాటి నకళ్లు. బొమ్మలోని కండలు, నిలుచున్న తీరు అన్నీ పదహారో శతాబ్దపు ఇటలీ చిత్రకళే.

మన సుశ్రుత సంహితలోనూ విరిగిన కాలు కదలకుండా పడుకోబెట్టి, చెక్క పలకకు మేకులు కొట్టి కట్టే "కపాటశయనం" ఉంది. మోదుగ, మర్రి, రావి, మేడి బెరళ్లు, వెదురు బద్దలు కట్టుకు వాడాలని ఉంది.

మరి సుశ్రుతుడి పరికరాల బొమ్మలు? అవి ఎప్పటివి?

సుశ్రుత సంహిత 101 యంత్రాలు, 20 శస్త్రాల గురించి చెబుతుంది. సింహం నోరు, రాబందు ముక్కు లాంటి పోలికలతో పట్టకార్ల ఆకారం వర్ణిస్తుంది. అది మాటల్లో ఉన్న వర్ణన. ఇప్పుడు పోస్టర్ల మీద కనిపించే బొమ్మలు ఆ మాటలు చదివి ఇటీవలి కాలంలో ఊహించి గీసినవి. 1913లో గిరీంద్రనాథ్ ముఖోపాధ్యాయ కలకత్తాలో వేసిన గ్రంథం అలాంటి ప్రయత్నాల్లో శ్రద్ధగా చేసినది. "రెండు వేల ఏళ్ల నాటి బొమ్మ" అని రాసి షేర్ చేసేవాళ్లకు దయచేసి ఈ సంగతి చెప్పండి. సుశ్రుతుడి గొప్పతనానికి అబద్ధపు తేదీ అవసరం లేదు.

భారతదేశానికి సంబంధించిన నిజమైన పాత అచ్చుబొమ్మ ఏదైనా ఉందా?

ఉంది, ప్రపంచ వైద్యాన్నే మలుపు తిప్పిన బొమ్మ. 1794 అక్టోబర్‌లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజీన్‌లో ఒక ఉత్తరం, దాంతో పాటు ఒక చెక్కడపు బొమ్మ వచ్చాయి. బొమ్మలో ఉన్నది కావస్‌జీ. మరాఠా రైతు కులంవాడు, 1792 నాటి యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం దగ్గర ఎడ్లబండ్లు తోలేవాడు. టిప్పు సుల్తాన్ సైనికులకు పట్టుబడితే ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. ఏడాది పాటు ముక్కు లేకుండానే ఉన్నాడు. తర్వాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి ముక్కు చేశాడు.

ఎలా చేశాడో బొమ్మలోనే ఉంది. పలుచని మైనం పలకను ముక్కు ఆకారంలో మొండి మీద అద్ది, దాన్ని విప్పి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మం కోసి, కనుబొమల మధ్య మాత్రం అతుకు వదిలి, తిప్పి కిందికి దించి కుట్టాడు. ఆ అతుకు ద్వారానే కొత్త ముక్కుకు రక్తం అందుతుంది. చిత్రకారుడు జేమ్స్ వేల్స్ కావస్‌జీని ఎదురుగా కూర్చోబెట్టి గీసిన బొమ్మ ఆధారంగా ఆ చెక్కడం తయారైంది.

ఇది చదివి లండన్ శస్త్రవైద్యుడు జోసెఫ్ కార్ప్యూ శవాల మీద సాధన చేసి, 1814లో అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు, 1816లో పుస్తకం వేశాడు. ఇటలీలో బొలోన్యా ప్రొఫెసర్ తాలియాకోట్సి 1597లోనే చేతి చర్మంతో ముక్కు చేసే పద్ధతిని బొమ్మలతో అచ్చు వేశాడు. కానీ అందులో రోగి చెయ్యి తలకు కట్టేసి వారాల తరబడి ఉండాలి. పుణె పద్ధతి తేలిక. బొమ్మ గీసినవాడి పేరు, ఆపరేషన్ చేయించుకున్నవాడి పేరు చరిత్రలో మిగిలాయి, ముక్కు చేసిన ఆ చేతులవాడి పేరు ఆ ఉత్తరంలో లేదు. ఎన్నిసార్లు చదివినా ఇక్కడ నా మనసు చివుక్కుమంటుంది.

వంకర చెట్టును కర్రకు కట్టిన బొమ్మ ఎముకల డాక్టర్ల దగ్గర ఎందుకు ఉంటుంది?

1741లో ప్యారిస్‌లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ వేసిన పుస్తకంలోది ఆ బొమ్మ. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. "ఆర్థోపెడిక్స్" అన్న మాట పుట్టింది ఆ పుస్తకంతోనే. గ్రీకులో "నిటారు" అనే మాటకు "పిల్లవాడు" అనే మాట కలిపాడు. అంటే అసలు అర్థంలో ఎముకలు లేవు, పిల్లలున్నారు. వంకరగా ఉన్న పిల్లవాడి కాలికి ఇనుప రేకు ఆనించి గుడ్డతో కట్టి రోజురోజుకూ బిగించాలని చెబుతూ, లేత చెట్టు వంకర తీర్చడానికి ఏం చేస్తామో అదే చేయాలి అంటాడు. మనం "మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం. ఆండ్రీ సరిగ్గా ఆ మొక్క వయసునే పట్టుకున్నాడు. అనేక దేశాల ఆర్థోపెడిక్ సంఘాలు ఇప్పటికీ ఆ చెట్టునే గుర్తుగా వాడుతున్నాయి.

కోస్తుంటే కూడా రోగి ముఖం అంత ప్రశాంతంగా ఉందేంటి?

నొప్పి లేక కాదు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయవచ్చని అందరి ముందూ చూపించింది 1846 అక్టోబర్ 16న, బోస్టన్‌లో. అంతకు ముందు కొద్ది నిమిషాల్లో కోసేయడమే వైద్యుడు చూపగలిగిన దయ. బొమ్మ మాత్రం పని నేర్పడానికి గీసింది. చూసేవాడి కన్ను ముఖం మీద కాక, రంపం ఎక్కడ ఆనింది, పైన పట్టీ ఎక్కడ బిగించారు అన్నదాని మీద నిలవాలి.

గెర్స్‌డోర్ఫ్ పుస్తకంలో కాలు కోస్తున్న బొమ్మ ఉంది, అచ్చయిన వాటిలో అలాంటిది మొదటిదని చెబుతారు. అందులో పక్కన ఒకాయన నిలబడి ఉంటాడు. ఆయన చెయ్యి అప్పటికే తీసేశారు, మొండికి జంతువు మూత్రాశయపు తిత్తి తొడిగి కట్టారు. బతికి బయటపడ్డవాడు, ఇప్పుడు ఇంకొకరి పక్కన నిలబడ్డాడు. నాకు ఆ బొమ్మలో రంపం కంటే ఆయనే ఎక్కువ గుర్తుంటాడు.

చెక్కదిమ్మె బొమ్మా, రాగిరేకు బొమ్మా అని ఎలా గుర్తుపట్టాలి?

చెక్కదిమ్మెలో గీత మిగిలేలా చుట్టూ చెక్కేస్తారు. అచ్చు అక్షరాల్లాగే పైకి ఉన్న భాగానికి సిరా అంటుతుంది. కాబట్టి అక్షరాలతో కలిపి ఒకే పేజీలో ఒకేసారి అచ్చు వేయొచ్చు. గీతలు కాస్త లావుగా ఉంటాయి. రాగిరేకులో గీతనే లోతుగా గీస్తారు, ఆ గాడిలో సిరా నిలుస్తుంది, గట్టి ఒత్తిడితో కాగితం దాన్ని పీల్చుకుంటుంది. అందుకే రేకు అంచుల ముద్ర కాగితం మీద నొక్కుగా పడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. గీతలు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, ఇనుము మెరుపు కూడా చూపించగలవు. దీనికి వేరే యంత్రం కావాలి కాబట్టి బొమ్మల పేజీలు విడిగా అచ్చు వేసి చేర్చేవారు.

పారే, గెర్స్‌డోర్ఫ్, గ్విడి పుస్తకాలు చెక్కదిమ్మెలవి. స్కుల్టేటస్‌ది రాగిరేకులది.

ఒకే ఇనుప చెయ్యి ఒక పుస్తకంలో కుడిది, ఇంకో పుస్తకంలో ఎడమది. ఏది నిజం?

ముందు అచ్చయినది చూడండి. అచ్చు తీస్తే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. నకలు చేసేవాడు పుస్తకంలోని బొమ్మను ఉన్నదున్నట్టు దిమ్మె మీదికి ఎక్కిస్తే, అచ్చులో కుడి ఎడమవుతుంది. పారే బొమ్మలు లాటిన్, ఇంగ్లీషు అనువాదాలతో దేశదేశాలు తిరిగాయి కాబట్టి ఇలాంటి వాటిని జాగ్రత్తగా పోల్చుకోవాలి.

పుత్తూరు కట్టుకూ వీటికీ ఏమైనా పోలిక ఉందా?

ఒకదాన్నుంచి ఒకటి వచ్చిందని నేను అనను. కానీ ఒక పోలిక ఆశ్చర్యంగా ఉంటుంది. పుత్తూరు కట్టులో ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ వాడతారని మనకు తెలుసు. పద్దెనిమిదో శతాబ్దపు లండన్ శస్త్రవైద్యుడు విలియం చెసెల్డెన్ కూడా గుడ్డు తెల్లసొన, గోధుమపిండి కలిపి గుడ్డకు పట్టించి కట్టేవాడు, ఆరితే గట్టిపడుతుంది. అది తను కనిపెట్టింది కాదని, స్కూల్ రోజుల్లో తన చెయ్యి విరిగితే లెస్టర్‌లో ఎముకలు కట్టే ఒకాయన అలా కట్టాడని ఆయనే రాశాడు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కట్టు వచ్చింది 1852 ప్రాంతంలో.

ఒక్క మాట: ఇది చరిత్ర గురించి. ఎముక విరిగితే ముందు ఎక్స్‌రే తీయించండి.

ఈ బొమ్మలు ఎక్కడ చూడొచ్చు?

లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్ వెబ్‌సైట్‌లో వేల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. ప్రతి బొమ్మ కింద లైసెన్స్ ఏమిటో రాసి ఉంటుంది, వాడుకునే ముందు చూసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పుస్తకాలు మొత్తంగా ఉన్నాయి. విడి బొమ్మ కంటే పుస్తకంలో దాని ముందు వెనక పేజీలతో చూడటమే మంచిది, అక్షరాల గుర్తులకు వివరణ అక్కడే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు గడ్డిఅన్నారంలోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థకు వెళ్లొచ్చు. అక్కడ వైద్య చరిత్ర మ్యూజియం, గ్రంథాలయం ఉన్నాయి.

అసలు కాగితాలు కొనుక్కోవచ్చా?

అమ్ముతున్నారు. విడి పేజీలుగా వచ్చేవి చాలాసార్లు పాత పుస్తకాన్ని చింపి తీసినవే అయి ఉంటాయి. అలా చింపిన పేజీకి గిరాకీ పెరిగితే ఇంకో పుస్తకం చిరుగుతుంది, అందుకని నేను కొనను. గోడకు పెట్టుకోవాలంటే లైసెన్స్ ఉన్న స్కాన్ తీసుకుని మంచి కాగితం మీద ప్రింట్ తీయించుకోండి. రంగులు వేసి ఉన్న బొమ్మ కనిపిస్తే, ఆ రంగు తర్వాత ఎవరో అద్దినది కావచ్చు. నలుపు తెలుపుల్లో ఉన్నదే తీసుకుంటే, చెక్కినవాడి చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ మళ్లీ మొదలైంది గీతల్లో కనిపిస్తుంది.